మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆటల క్లాసు వెతకడం ఎలా

మూడేళ్లు నిండిన పిల్లల్ని ఏదైనా ఆటల క్లాసులో చేర్చాలనుకున్న తల్లిదండ్రులు సాధారణంగా ముందు వాకబు చేసేది దగ్గర్లో ఏయే క్లాసులు ఉన్నాయి, ఫీజు ఎంత అని. ఆ వాకబు అవసరమే గానీ, అంతకుముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. బిడ్డ ఇప్పుడు రోజుకు ఎంతసేపు ఒళ్లు కదిలిస్తోందో, ఏ రకం కదలిక కొరవడిందో తెలిస్తేనే క్లాసు నుంచి ఏమి ఆశించాలో తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు రకరకాలుగా ఒళ్లు కదిలించాలి, అందులో కనీసం 60 నిమిషాలు గుండె వేగం పెరిగి ఆయాసం వచ్చేంత చురుకైన ఆటగా ఉండాలి. తెర ముందు కూర్చునే సమయం గంటకు మించకూడదని, స్ట్రాలర్ (బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) వంటి వాటిలో ఏకబిగిన గంటకు మించి కదలకుండా ఉంచకూడదని, నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ లెక్కన వారానికి 1,260 నిమిషాలు కావాలి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాల చొప్పున జరిగే క్లాసు ఇవ్వగలిగేది 90 నిమిషాలు, అంటే అందులో పద్నాలుగో వంతు. మిగతా పదమూడు వంతులూ ఇల్లు, వీధి, పార్కు, బడి ఆవరణలోనే సమకూరాలి. కాబట్టి కదలిక లోటును పూడ్చడానికి క్లాసు చాలదు. మెత్తటి పరుపులు పరిచిన పెద్ద హాలు, ఈత కొలను, తోటి పిల్లల గుంపు, ఒక కదలిక తర్వాత ఏది నేర్పాలో తెలిసిన టీచరు వంటి, ఇంట్లో దొరకని వాటి కోసమే క్లాసుకు వెళ్లాలి.

ముందు బిడ్డను గమనించండి

ఒక వారం పాటు ఏమీ సూచించకుండా బిడ్డ తనంతట తాను ఏం చేస్తోందో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. కనబడిన సోఫా, మెట్ల రెయిలింగు ఎక్కే బిడ్డకు ఎక్కి దిగే పరికరాలున్న జిమ్నాస్టిక్స్ హాలు ఇష్టమవుతుంది. పాట వినపడగానే తిరుగుతూ ఊగే బిడ్డకు డాన్సు, చేతికందిన ప్రతిదాన్నీ విసిరే బిడ్డకు బంతి ఆటలు సరిపోతాయి. కొందరు పిల్లలు ఎత్తు నుంచి దూకరు, ఉయ్యాల ఎక్కరు, గుంపులోకి వెళ్లరు. వాళ్లకు పదిహేను మంది కేకలు వేస్తూ పరిగెత్తే హాలు కన్నా నలుగురైదుగురు ఉండే చిన్న క్లాసు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పక్కనే ఉండి ఆడించే క్లాసు మంచి ప్రారంభం.

ఈ వయసులో ఏది సాధ్యమో కూడా తెలిసి ఉండాలి. ఉజ్జాయింపుగా మూడేళ్లకు మూడు చక్రాల సైకిలు పెడల్ తొక్కడం, నాలుగేళ్లకు పెద్ద బంతిని చాలాసార్లు పట్టుకోగలగడం, ఐదేళ్లకు ఒంటికాలి మీద గెంతడం వస్తాయి. కొందరికి కొంచెం ముందు, కొందరికి కొంచెం వెనక. మూడేళ్ల బిడ్డకు బంతి విసిరి చూడండి: రెండు చేతులూ బిగదీసి ముందుకు చాపి నిలబడుతుంది, బంతి దగ్గరపడగానే మొహం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంటుంది, బంతి ఛాతీకి తగిలి కింద పడ్డాక అప్పుడు చేతులు దగ్గరికి వస్తాయి. ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. దూసుకొచ్చే వస్తువు వేగాన్ని కంటితో అంచనా వేసి, చేతిని అందుకు తగ్గట్టు కదిలించడం ఇంకా కుదురుకోలేదు, అంతే. పల్చటి స్కార్ఫును గాలిలోకి ఎగరేసి పట్టుకోమంటే అదే బిడ్డ కేరింతలు కొడుతుంది, ఎందుకంటే స్కార్ఫు నెమ్మదిగా దిగుతుంది, మొహానికి తగిలినా నొప్పి ఉండదు. స్కార్ఫు తర్వాత మెత్తటి పెద్ద బంతి, ఆ తర్వాతే చిన్న బంతి. ఈ క్రమం తెలిసిన టీచరు మొదటి రోజే గట్టి బంతి చేతికివ్వరు.

పాయింట్లు, గెలుపోటములు, స్థానాలతో నడిచే జట్టు ఆటలకు ఈ వయసు తొందర. నాలుగేళ్ల పిల్లల ఫుట్‌బాల్ చూస్తే పిల్లలందరూ బంతి చుట్టూ ఒకే గుంపుగా కదులుతుంటారు, బంతిని ఇంకొకరికి అందించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నియమాలు గుర్తుంచుకోవడం, తన వంతు కోసం ఆగడం, తోటివాడు ఎక్కడున్నాడో చూసుకుంటూ పరిగెత్తడం ఒకేసారి చేయగలగడం దాదాపు ఆరేళ్ల తర్వాతి మాట. ఫుట్‌బాల్ పేరుతో నడిచే క్లాసు కూడా మంచిదే కావచ్చు, ప్రతి బిడ్డ కాలి దగ్గరా ఒక బంతి ఉండి, మ్యాచ్ ఊసు లేకుండా తన్నడం, ఆపడం, బంతితో పాటు పరిగెత్తడం ఆటగా సాగుతున్నట్లయితే.

ఏ క్లాసు ఏమిస్తుంది

వీటన్నిటిలో ఈతను వేరుగా చూడాలి, ఎందుకంటే అది ఆటే కాక ప్రాణరక్షణ కూడా. ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి చనిపోయేవారి రేటు 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లోనే అత్యధికం. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏడాది దాటిన పిల్లలకు ఈత పాఠాలు మునిగిపోయే ప్రమాదాన్ని తగ్గించగలవని, నాలుగేళ్లకు చాలామంది పిల్లలు పాఠాలకు సిద్ధంగా ఉంటారని చెబుతోంది. మంచి ఈత క్లాసులో మొదటి వారాల్లో చేతులు కాళ్లు ఆడించే పద్ధతి కన్నా మొహం నీటిలో పెట్టి బుడగలు ఊదడం, వెల్లకిలా తేలడం, కొలనులో పడితే తిరిగి గట్టు అందుకుని పైకి రావడం, పెద్దవాళ్లు చెప్పేదాకా నీళ్లలోకి దిగకపోవడం నేర్పుతారు. పాఠాలు నేర్చుకున్న బిడ్డకు కూడా నీళ్ల దగ్గర కాపలా తగ్గకూడదు. పెద్దవాళ్లెవరో ఒకరు చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫోను పక్కన పెట్టి ఉండాలి. గాలి నింపిన చేతి పట్టీలు ఆట వస్తువులే తప్ప రక్షణ సాధనాలు కావు.

పిల్లల జిమ్నాస్టిక్స్ అనగానే కఠినమైన శిక్షణ గుర్తొచ్చి భయపడేవారున్నారు. ఈ వయసు క్లాసులో జరిగేది పాకడం, దొర్లడం, వేలాడడం, పిల్లిమొగ్గలు వేయడం, నేలకు జానెడెత్తున ఉన్న చెక్క మీద నడవడం, దూకి మోకాళ్లు వంచి నిలబడడం. అన్ని ఆటలకూ పునాది ఇదే గనుక ఏ క్లాసు ఎంచుకోవాలో తేలకపోతే దీనితో మొదలుపెట్టమని చెబుతాను. అక్కడ ట్రాంపొలిన్ ఉంటే ఒకసారికి ఒక్క బిడ్డే ఎక్కుతోందా, పక్కన పెద్దవాళ్లు నిలబడ్డారా అని చూడండి. ఒకేసారి ఎక్కువమంది గెంతినప్పుడు దెబ్బలు తగిలేది అందరికన్నా చిన్నవాళ్లకే.

డాన్సు క్లాసు ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏడాదిలో ప్రదర్శనలు ఎన్ని? స్టేజీ మీద మూడు నిమిషాల పాట కోసం నెలల తరబడి అవే నాలుగు అడుగులు వేయించే చోట పిల్లలు నేర్చుకునేది తక్కువ, విసుగు ఎక్కువ. కరాటే, టైక్వాండో వంటివి ఆగమంటే ఆగడం, చెప్పినది విని చేయడం అలవాటు చేస్తాయి. అయితే తోటి పిల్లలతో తలపడే పోటీలు లేని, ఈ వయసుకు వేరుగా నడిపే బ్యాచ్ అయితేనే చేర్చాలి. నెలకో బెల్టు ఇచ్చే చోట బిడ్డ కన్నా తల్లిదండ్రుల్ని సంతోషపెట్టే ప్రయత్నమే ఎక్కువని నా అభిప్రాయం. యోగా చిన్నపిల్లలకు జంతువుల భంగిమలతో కథలా సాగితే బాగుంటుంది, కదలకుండా కూర్చోబెడితే సాగదు. పెడళ్లు లేని బ్యాలెన్స్ సైకిలుకు క్లాసు అక్కరలేదు. హెల్మెట్, వాహనాలు తిరగని చదునైన చోటు ఉంటే చాలు.

ఎక్కడ వెతకాలి

ప్రకటనలు ఎక్కువగా ఇచ్చే సంస్థలు ముందుగా కంటబడతాయి గానీ, స్థానిక ప్రభుత్వం నడిపే క్రీడా ప్రాంగణాలు, ఈత కొలనులు, కమ్యూనిటీ హాళ్లు, గ్రంథాలయాలు తక్కువ ఫీజుకో ఉచితంగానో చిన్నపిల్లల కోసం నడిపే కార్యక్రమాల గురించి చాలాచోట్ల నోటీసు బోర్డు మీద తప్ప ఎక్కడా కనబడదు. నేరుగా వెళ్లి అడగడమే మేలు. బిడ్డ వెళ్లే బడి టీచర్లకు ఏ క్లాసు పిల్లలు ఉత్సాహంగా ఉంటున్నారో తెలుస్తుంది. అంతకన్నా మంచి మార్గం, సాయంత్రం పార్కులో మీ బిడ్డ వయసు పిల్లల తల్లిదండ్రుల్ని అడగడం. "మీ పాప ఎక్కడికి వెళుతోంది?" అన్న ప్రశ్నతో ఆపకుండా "ఎన్ని నెలలు వెళ్లింది, ఎందుకు మానేసింది?" అని కూడా అడగండి. మానేసినవాళ్లు చెప్పే కారణాల్లోనే అసలు సమాచారం ఉంటుంది.

ఫోనులో మాట్లాడేటప్పుడు వయసు విభజన ఎలా ఉందో కనుక్కోండి. "మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే బ్యాచ్" అన్నారంటే చిన్నవాళ్లు ఎక్కువ సేపు గోడ పక్కన నిలబడతారని అర్థం. ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు, సాయానికి ఇంకెవరైనా ఉంటారా, క్లాసు ఎంతసేపు, తల్లిదండ్రులు లోపల కూర్చోవచ్చా, ఫీజు కట్టకముందు ఒక ట్రయల్ క్లాసు ఉంటుందా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవచ్చు. ఈ వయసుకు 30 నుంచి 45 నిమిషాలు చాలు. గంట దాటితే చివరి పావుగంట ఏడుపులతో గడుస్తుంది.

ట్రయల్ క్లాసులో ఏం చూడాలి

ట్రయల్ క్లాసుకు వెళ్లినప్పుడు హాలు రంగులు, గోడ మీది పతకాలు, టీచరు యూనిఫాం చూడడం సహజం. వాటిని వదిలేసి చేతి గడియారంతో ఒక పని చేయండి. మీ బిడ్డను కాక వేరే ఒక బిడ్డను ఎంచుకుని, పది నిమిషాల్లో ఆ బిడ్డ నిజంగా కదిలింది ఎంతసేపో, వరుసలో నిలబడింది ఎంతసేపో లెక్కపెట్టండి. పది మంది పిల్లలు, నడవడానికి ఒకే చెక్క, ఒక్కొక్కరికి అర నిమిషం అనుకుంటే, ఒకసారి నడిచిన బిడ్డకు మళ్లీ వంతు రావడానికి నాలుగున్నర నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో ఆ బిడ్డ నడిచేది ఒక్క నిమిషం. మిగతా సమయమంతా ముందున్న పిల్లల జుట్టు లాగడం, నేల మీద దొర్లడం, చివాట్లు తినడం. అదే పది మందినీ మూడు గుంపులు చేసి, ఒక గుంపును చెక్క మీద, ఒక గుంపును సొరంగంలో పాకడానికి, ఒక గుంపును గెంతడానికి పంపి, కొద్ది నిమిషాలకోసారి తిప్పే టీచరు దగ్గర నిలబడే సమయం చాలా తగ్గుతుంది. ఫీజు రెండు చోట్లా ఒకటే అయినా దొరికే ఆట ఒకటి కాదు. నా దృష్టిలో క్లాసు మంచిచెడ్డలు తేల్చడానికి ఇంతకన్నా నమ్మదగిన కొలత లేదు.

ఆ తర్వాత టీచరు మాట వినండి. "మోకాళ్లు వంచి, భుజాలు నిటారుగా పెట్టి, రెండు పాదాలూ ఒకేసారి నేల వదలండి" అంటే నాలుగేళ్ల బిడ్డకు ఒక్క ముక్కా పట్టదు. "కప్పలా ఈ చెరువు దూకండి" అని తాను దూకి చూపిస్తే అందరూ దూకుతారు. ఒక్క బిడ్డ మూలన నిలబడి రానంటే ఏం చేస్తున్నారో చూడండి. చెయ్యి పట్టి లాగడం, "చూడు, చిన్నవాళ్లు కూడా చేస్తున్నారు" అని పోల్చడం మంచి గుర్తులు కావు. దూరం నుంచే చూడనిచ్చి, మధ్యలో ఒకసారి చిన్న పని చెప్పి కలుపుకుపోయే టీచరు అనుభవం ఉన్నవారు. పడిపోయిన బిడ్డ ఏడ్చినప్పుడు క్లాసు మొత్తం ఆగిపోతోందా, లేక సహాయకులు చూసుకుంటుండగా సాగుతోందా అన్నది కూడా గమనించదగ్గదే.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పరికరాల కింద పరుపులు ఉన్నాయా, వాటి మధ్య కాలు ఇరుక్కునే సందులు ఉన్నాయా, ప్రథమ చికిత్స తెలిసినవారు క్లాసు జరిగే సమయంలో అక్కడే ఉంటారా, కొలను తలుపుకు బిడ్డ చేతికి అందని గడియ ఉందా అని చూసుకోండి. సిబ్బందిని పనిలోకి తీసుకునేముందు వారి పూర్వాపరాలు విచారిస్తారా, బిడ్డను మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళతారు, బట్టలు మార్చేటప్పుడు ఎవరుంటారు, క్లాసయ్యాక బిడ్డను ఎవరికి అప్పగిస్తారు అన్న ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు రావాలి. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా అని అడిగితే కుదరదన్న చోట చేర్చకండి. అద్దం వెనక నుంచి చూడమన్నా ఫరవాలేదు, అసలు చూడనివ్వకపోవడానికి మాత్రం సరైన కారణం ఉండదు.

బిడ్డకు ఉబ్బసం, మూర్ఛ, అలర్జీ, వినికిడి లోపం వంటివి ఉంటే ముందే టీచరుకు చెప్పి, మందు ఎక్కడుంటుందో, ఎప్పుడు వాడాలో రాసి ఇవ్వాలి. వైకల్యం ఉన్న పిల్లల్ని చేర్చుకుంటారా అని అడిగితే సరిపోదు, ఇంతకుముందు అటువంటి పిల్లలకు ఏయే మార్పులు చేశారో అడిగితే నిజం తెలుస్తుంది. తోటివారికన్నా బాగా ఎక్కువగా తూలి పడుతున్నా, ఒక పక్క చేతినో కాలినో తక్కువగా వాడుతున్నా, వచ్చిన కదలికలు పోతున్నట్లు అనిపించినా క్లాసు వెతకడం పక్కన పెట్టి పిల్లల వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

సమయం, ఫీజు, మొదటి వారాలు

ఎంత మంచి క్లాసైనా బిడ్డ నిద్రవేళకు అడ్డొస్తే చెడిపోతుంది. నిద్ర లేచి, తేలిగ్గా ఏదైనా తిన్న తర్వాతి సమయం అన్నిటికన్నా అనుకూలం. ప్రయాణం క్లాసు నిడివి కన్నా ఎక్కువైతే నెల తిరిగేసరికి మీరే మానిపిస్తారు. అందుకే కొంచెం గొప్పదైన దూరపు క్లాసు కన్నా నడిచి వెళ్లగలిగిన మామూలు క్లాసు మేలు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటారు. ఈ వయసులో ఇష్టాలు ఎంత త్వరగా మారతాయో తెలిసినవారెవరూ ఆ రాయితీకి ఆశపడకూడదు. నెలకో, ఎనిమిది క్లాసులకో కట్టి, జబ్బు చేసి రాలేకపోతే ఆ క్లాసు మరో రోజు ఇస్తారా, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి వస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. యూనిఫాం, ప్రదర్శన దుస్తులు, పరీక్ష రుసుము వేరుగా ఉంటే అవీ కలిపి చూసుకోవాలి.

మొదటి రోజుకు ముందు ఒకసారి ఖాళీ హాలు చూపించి, టీచరును పరిచయం చేస్తే కొత్త కొంత తగ్గుతుంది. అయినా మీ కాలు వదలకపోతే ఆ రోజుకు గోడ పక్కన కూర్చుని ఇద్దరూ చూడండి. రెండు మూడు క్లాసులు చూస్తూనే గడిపి, ఇంటికొచ్చి అన్నీ చేసి చూపించే పిల్లలున్నారు. క్లాసు నుంచి రాగానే "బాగా చేశావా, అందరికన్నా ముందు వచ్చావా?" అని అడగకుండా "ఈ రోజు ఏ జంతువులా గెంతారు, నాకు నేర్పుతావా?" అని అడగండి. నేర్పడం మొదలుపెట్టిన బిడ్డ ఇంకో పావుగంట గెంతుతుంది, లెక్కలోకి అదీ వస్తుంది.

క్లాసు లేని రోజుల కోసం

మిగతా పదమూడు వంతులకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. నేల మీద రంగు టేపు అతికించి గీత మీదే నడవమనండి, దిండ్లను రాళ్లనుకుని వాటి మీద నుంచి నది దాటించండి, పాట ఆగగానే బొమ్మలా బిగుసుకుపోయే ఆట ఆడండి, బల్ల కింద నుంచి పాకించండి. దాగుడుమూతల్లో పరుగు, వంగడం, నిశ్శబ్దంగా ఆగడం మూడూ ఉన్నాయి. ఇవన్నీ పది పదిహేను నిమిషాల ముక్కలుగా రోజంతా పరుచుకుంటే చాలు. బెలూన్లు మాత్రం ఇవ్వకండి, పగిలిన ముక్కలు చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడతాయి.

పార్కుకు వెళ్లేటప్పుడు మెడ దగ్గర తాళ్లు వేలాడే దుస్తులు వేయకండి, అవి పరికరాలకు చిక్కుకుంటాయి. ఎండలో కాగిన జారుడుబల్లను ముందు మీ చేత్తో తాకి చూడండి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం క్షేమమనిపిస్తుంది గానీ, బిడ్డ బూటు పక్క అంచుకు తట్టుకుని ఆగిపోయినప్పుడు వెనక ఉన్న పెద్దవాళ్ల బరువు ఆ కాలి మీద పడి ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఒంటరిగా జారలేని బిడ్డకు ఇంకా చిన్న జారుడుబల్ల వెతకాలి.

ఎప్పుడు మాన్పించాలన్నది తేలిగ్గా తెలియదు. ఒక రోజు వెళ్లనని మొండికేయడం ఈ వయసులో మామూలే. లోపలికి వెళ్లిన పది నిమిషాలకు ఆడుతున్నట్లయితే కొనసాగించవచ్చు. నాలుగైదు వారాలైనా క్లాసు పేరెత్తితే కడుపునొప్పి అంటున్నా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, ఫలానా మనిషి దగ్గరకు వెళ్లనంటున్నా వెంటనే ఆపి, కారణమేమిటో బిడ్డను నెమ్మదిగా అడగాలి. ఇవేవీ లేకుండా ఉత్సాహం మాత్రమే తగ్గితే, కట్టిన నెల పూర్తిచేయించి, రెండు నెలలు ఖాళీ ఇచ్చి, మళ్లీ ఒక వారం బిడ్డను గమనించి ఇంకో రకం క్లాసులో ట్రయల్ అడగండి.